తెల్లోడు ఎగిరిన చోటు

ఇనారి సరస్సు, ఉత్తరపు ఒడ్డు
28 డిసెంబరు 1988

తమ్ముడు ఊలాకి,

మీ అక్క రిస్తెన్ రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ, నీ కూతురు మారెత్, రెండు కుక్కలూ, మందా అందరం క్షేమం. అక్కడ రొవనియెమిలో నువ్వూ, నీ నెత్తిమీది ఎర్రటోపీ కూడా క్షేమంగా ఉన్నారనే అనుకుంటున్నాను. ఈ ఐదేళ్లలో నీకు నేను రాస్తున్న మొదటి ఉత్తరం ఇది. కవరు మీద నా చేతిరాత చూడగానే ఎవరో పోయారనుకుని కంగారు పడతావేమో, ముందే చెబుతున్నాను, ఎవరూ పోలేదు. పోయేంత పని మాత్రం అయింది. అది రాద్దామనే కూర్చున్నాను. నువ్వు కూడా కూర్చుని చదువు.

ముందు మామూలు కబుర్లు. ఈసారి చలికాలం సవ్యంగా రాలేదు. అక్టోబరులో వాన, ఆ వాన మీద చలి, ఆ చలి మీద మళ్లీ వాన. నేల మీది నాచుకి ఐసు పలకలా పట్టేసింది. జింకలు గిట్టలతో ఎంత గీరినా తిండి అందక, చెట్లకి వేలాడే నాచు కోసి మోసి నా నడుం విరిగింది. మందలో ఎన్ని మిగిలాయో నువ్వు అడగవు, నేను చెప్పను, మంద లెక్క అడగని ఆ మర్యాద మన ఇంట్లో ఇంకా ఉంది. సరస్సు కూడా ఆలస్యంగా గట్టిపడింది. ఐసు మీద దారి గుర్తుకి నవంబరు మొదట్లోనే బిర్చి కొమ్మలు పాతేవాళ్లం కదా, ఈసారి డిసెంబరు వచ్చేదాకా పాతలేకపోయాను. అవును, నువ్వు వెళ్లిన దగ్గర్నుంచీ ఆ కొమ్మలు పాతేది నేనే. ఒకరు పాతిన కొమ్మని ఇంకొకరు ముట్టుకోరు కాబట్టి, ఆ చలికాలమంతా ఊరు ఊరంతా నా కొమ్మల వెంటే నడుస్తుంది.

మన పక్కింటి సమ్మోల్ మామకి చెవుడు బాగా ముదిరింది. ఎదురుగా నించుని అరిస్తే గానీ వినపడదు. అరిస్తే, ఎందుకే అలా అరుస్తావు, నేనేమన్నా చెవిటివాణ్ణా అంటాడు.

ఇక నీ కార్డుల సంగతి. ప్రతి క్రిస్మస్‌కీ ఒకటి వస్తుంది. ఆకాశంలో మంచుబండి, దాని ముందు ఎనిమిది జింకలు, కింద ఇళ్ల కప్పులు. ఆ ఎనిమిదింటికీ చెట్లంత కొమ్ములు, ఒక్కొక్కటీ ఎద్దులా మెడ బలిసి ఉంటుంది. క్రిస్మస్ నాటికి కొమ్ములు రాలని పోతు ఎక్కడుందిరా? తల మీద ఇంకా కొమ్ములున్నాయంటే అవి ఆడవైనా అయ్యుండాలి, విత్తు కొట్టినవైనా అయ్యుండాలి. బొమ్మ గీసినవాడికి తెలియదు సరే, జింకల మధ్య పుట్టిన నీకైనా ఆ కార్డు కొంటున్నప్పుడు నవ్వు రాలేదా? అయినా ఎగిరే జింకలు మన దగ్గర పుట్టినవి కావులే. ఎక్కడో అమెరికాలో పుట్టి, బొమ్మల్లో ఊరూరూ తిరిగి, చివరికి మన జింకల మెడకే చుట్టుకున్నాయి. మనకి తెలిసిన క్రిస్మస్ తాత నేలమీదే వచ్చేవాడు. స్తాల్లు రాక్షసుడైతే మరీనూ. వాడి బండి కట్టెపేడుకి తట్టుకుంటే కోపమొచ్చి పిల్లల్ని ఎత్తుకుపోతాడని, మనిద్దరం క్రిస్మస్ ముందురోజు పొద్దున్నే లేచి వాకిట్లో కట్టెలు పేర్చి, వాడు తాగడానికి బిందె నిండా నీళ్లు పెట్టేవాళ్లం. నువ్వు సగంలో వదిలేసి పోతే మిగతా సగం నేనే పేర్చేదాన్ని.

ఆ కార్డులన్నీ మారెత్ తన మంచం పక్కన గోడకి మేకులు కొట్టి పెట్టుకుంది. ఈ ఏటి కార్డు మీద నువ్వు రాసింది నాకు కూడా కంఠతా వచ్చేసింది. పని ఎక్కువగా ఉంది అమ్మలూ, రాలేను, కానీ క్రిస్మస్ ముందురోజు మీ మీదుగా ఎగురుకుంటూ వెళ్తాం, సరస్సు వైపు చూస్తూ ఉండు, చెయ్యి ఊపుతాను అని. నువ్వు సరదాకే రాశావని నాకు తెలుసు. క్రిస్మస్ తాత కొలువులో ఎర్రటోపీ పెట్టుకుని, విమానాల్లో దిగే ఇంగ్లీషు పిల్లలకి రోజూ చెప్పే మాటే నీ పిల్లకీ చెప్పావు. ఆ పిల్లలు రెండుగంటలు నీ బండెక్కి, బిస్కెట్లు తిని, సాయంత్రానికి విమానమెక్కి పోతారు. మన పిల్ల ఆ మాట పట్టుకుని పందొమ్మిది రోజులు కిటికీ దగ్గర కూర్చుంది.

నిన్ను తిట్టడానికి రాయడం లేదు. తిట్టే మొహం నాకూ లేదు, ఎందుకంటే మొదటి అబద్ధం నాది. నీకు ఆ సంగతి తెలియదు. నాన్న పోయిన రోజు, ఎనభైమూడు డిసెంబరు ఇరవైమూడున, మీరంతా తాళ్లూ నిచ్చెనలూ పట్టుకుని ఏరు వచ్చి కలిసే సరస్సు గొంతు దగ్గర వెతుకుతున్నారు. నేను మూడేళ్ల మారెత్‌ని ఎత్తుకుని ఈ కిటికీలోనే నించున్నాను. అప్పుడు నాన్న బండి లాగే జింక, మన తెల్లోడు, ఒక్కడే తిరిగొచ్చాడు. బండి లేదు, పలుపు తెగి వేలాడుతోంది, నీళ్లలోంచి లేచి వచ్చిన ఒళ్లంతా ఐసు పేరుకుని ఒకటే మెరుపు. పిల్ల వేలు చూపించి, తెల్లోడు ఆకాశంలోంచి వచ్చాడా అత్తా అంది. నేను ఊఁ అన్నాను. తాత ఎక్కడ అంది. తెల్లోడు గొంతు దగ్గర ఎగిరి, తాతని పైన దింపి వచ్చాడమ్మా అన్నాను. చంటిపిల్లకి అంతకంటే ఏం చెప్పను? పెద్దయ్యాక అదే మరిచిపోతుందనుకున్నాను.

అది మరిచిపోలేదు. మరిచిపోనివ్వకుండా ఏడాదికో కార్డు నువ్వు పంపుతూనే ఉన్నావు. దాని లెక్క ప్రకారం నేను చెప్పిందీ, నువ్వు పంపిందీ సరిగ్గా కలిశాయి. జింకలు ఎగురుతాయి, మన జింకలు ఎగిరే చోటు సరస్సు గొంతు.

ఈ సెప్టెంబరులో బళ్లో ఏదో గొడవైంది. మారెత్ మా తాతని జింక పైకి తీసుకుపోయింది అందట. ఒక పెద్దపిల్ల నవ్వి, మీ తాత నీళ్లలో పడి పోయాడు, మీ నాన్న దారి కొమ్మలు తప్పు చోట పాతాడు, అందుకే మొహం చెల్లక పారిపోయాడు అందట. ఇంటికొచ్చి నన్ను అడిగింది, నాన్న తప్పు పాతాడా అని. నేను చారు చల్లారిపోతోంది తిను అన్నాను. రెండోసారి అడిగింది. బళ్లో వాళ్ల మాటలు పట్టించుకోకు అన్నాను. మూడోసారి అడగలేదు. అడగనందుకు నేను సంతోషించాను కూడాను, నా బుద్ధి అలా ఏడిచింది.

ఇరవైనాలుగో తారీకు పొద్దున్న అది నాకంటే ముందే లేచింది. వాకిట్లో కట్టెలన్నీ పేర్చింది, బిందె నింపింది, పేళ్లు ఏరి ఊడ్చింది. నేను చూసి, ఈ ఏడు స్తాల్లు మనింటికి వచ్చినా నీకు సలాం కొట్టి పోతాడే అన్నాను. నవ్వలేదు. ముద్దుపెట్టబోతే తలుపు చాటుకి పోయింది. మూలుగ ఎముకలు పొయ్యి మీద పెట్టాను. పదిన్నర అయుంటుంది, నీలం వెలుగు అప్పుడప్పుడే వస్తోంది, కంచెలో జింకలకి నాచు వేద్దామని వెళ్లాను. తెల్లోడు లేడు. కొట్టంలో మూలపడి ఉన్న నాన్న పాత పడవబండి, పడవలా చెక్కిన ఆ మంచుబండి కూడా లేదు. మేకుకి వేలాడే గంటల పట్టీ లేదు.

చేతిలో నాచు ఎక్కడ పారేశానో తెలియదు. మంచు స్కూటరు రెండుసార్లు లాగినా అంటుకోలేదు, మూడోసారికి అంటుకుంది. ఒడ్డుదాకా బండి జాడ నిక్కచ్చిగా ఉంది. నా మొదటి కొమ్మ దగ్గరికి వచ్చేసరికి, కొమ్మల వెంట కుడివైపు పోవలసిన జాడ ఎడమకి తిరిగింది. ఎడమకి పోతే ఏముందో నీకు చెప్పక్కర్లేదు. ఏరు వచ్చి సరస్సులో కలిసే ఆ ఇరుకు చోట కింద నీళ్లు నిద్రపోవు. ఎంత చలిలోనూ అక్కడి ఐసుని నమ్మేది లేదు, అందులోనూ ఈ ఏటి ఐసు.

ఒడ్డున సమ్మోల్ మామ ఐసుకి కన్నం కొట్టి వల తీస్తున్నాడు. పిల్ల ఇటు వెళ్లిందా, గంటలు వినపడలేదా అని అరిచాను. ఏ గంటలు అన్నాడు. చెయ్యి చాపి జాడ చూపించాను.  వల అలాగే నీళ్లలోకి వదిలేసి, తాడు తీసుకుని నా వెనక ఎక్కాడు.

గొంతు ఇంకా రెండువందల బారలు ఉందనగా స్కూటరు ఆపేశాను. ఆ చప్పుడికి తెల్లోడు బెదిరితే అంతే సంగతులు. స్కీలు తొడుక్కుని ముందుకెళ్లాను, మామని ఒడ్డు పక్కనే ఉండమని సైగ చేశాను. అప్పుడు కనపడ్డారు. గొంతు మొదట్లో, మంచు తెలుపు పోయి బూడిదరంగు మొదలైన చోటుకి నాలుగు బారల ఇవతల, తెల్లోడు ముందుకాళ్లు బార్లా చాపి, ముక్కు ఐసుకి ఆనించి నించున్నాడు. కదలడు. బండిలో మారెత్ నించునుంది. చేతిలో సన్న కర్ర. ఎగురు ఎగురు అంటూ వాడి వీపు మీద తడుతోంది. గట్టిగా కొట్టడం దానికి చేతకాదు. ఆ చేతకానితనమే దాన్ని బతికిస్తోందని అప్పుడు నాకు తెలుస్తూనే ఉంది.

నేను ఇంకా ముప్పై బారల దూరంలో ఉన్నాను. కాలి కింద ఐసు ఒకసారి మూలిగింది. నువ్వు విన్నావు కదా ఆ చప్పుడు, కడుపులోంచి వస్తుంది. పడుకుండిపోయాను, స్కీల మీద బోర్లా. నా బరువుకి ఇంక ముందుకు పోకూడదు. అక్కణ్నుంచే, గొంతు పెంచకుండా, పగ్గం ఎడమకి వేసెయ్యి తల్లీ అన్నాను. పగ్గం ఎడమకి పడితే తెల్లోడు ఆగిపోయి తల తిప్పుతాడు, ఎంత ముసలితనం వచ్చినా ఆ పాఠం వాడు మరవడు. మారెత్ నన్ను చూసి, దగ్గరికి రాకత్తా, నువ్వు బరువు, వీడికి పరుగు తీసే చోటు కావాలి అంది. ఏడుపు గొంతు కాదు. పెద్ద పనిలో ఉన్న మనిషి గొంతు.

జింకలు ఎగరవమ్మా అన్నాను. మరి తాతని తీసుకుని ఎగిరాడన్నావుగా అంది. అబద్ధం చెప్పాను అన్నాను. ఇప్పుడు చెప్తున్నావేమో అబద్ధం, నన్ను దింపడానికి అంది.  ఒకసారి అబద్ధమాడినవాళ్ల నిజానికి విలువెక్కడుంటుంది?

మీ నాన్న కార్డు మీద రాసింది ఉత్తుత్తికే అన్నాను. తెలుసు అంది.  నాన్న పైనుంచి రాడని నాకు తెలుసు అత్తా, నాన్న కోసం కాదు అంది. మరి దేనికే అన్నాను. అప్పుడు చెప్పింది, కర్ర చేత్తో పట్టుకుని, వేళ్ల మీద లెక్కపెడుతూ. తెల్లోడు ఇక్కణ్నుంచి ఎగిరితే, అప్పుడు కూడా ఎగిరినట్టే కదా. ఎగిరితే తాత నీళ్లలో పడనట్టే కదా. తాత నీళ్లలో పడకపోతే నాన్న కొమ్మలు తప్పు పాతనట్టే కదా. ఒక్కసారి ఎగిరితే చాలు, నువ్వు చూశావుగా, బళ్లో వాళ్లకి నువ్వే చెప్దువు, నాన్నకి ఉత్తరం రాద్దువు, నాన్న ఇంటికొచ్చేస్తాడు అంది.

ఊలా, ఎనిమిదేళ్ల పిల్ల. నాలుగు నెలలుగా మంచంలో పడుకుని ఆ కార్డులు చూస్తూ ఇది ఆలోచించింది. నేను పక్కగదిలోనే గుర్రు పెట్టి పడుకున్నాను.

అంతలో తెల్లోడు ఒక అడుగు వెనక్కి వేశాడు. వాడి వెనక గిట్ట కింద నీళ్లు ఊరి మంచు తడిసి నల్లబడింది. మారెత్ కర్ర పైకెత్తింది, ఈసారి గట్టిగానే కొట్టేటట్టు. అప్పుడు నేను దానికి ఒక మాట చెప్పాను. అది వింది. మళ్లీ చెప్పమంది. మళ్లీ చెప్పాను.  తర్వాత కర్ర పారేసి, పగ్గం ఎడమకి వేసి, నేను చెప్పినట్టే బండిలో వెల్లకిలా పడుకుంది.

తెల్లోడు తల తిప్పాడు. సగం తిరిగాక వాడి వెనక కాళ్ల కింద ఐసు దిగిపోయింది. నడుందాకా నీళ్లు. బండి ఒరిగింది, ఎంతైనా పడవబండి కాబట్టి మునగలేదు. మామా తాడు అని అరిచాను. ఆ దేవుడెవరో గానీ ఆ ఒక్క పిలుపూ ముసలాడికి వినపడింది. తాడు కొసకి వల బరువురాయి కట్టి విసిరాడు, అది నా పక్కన పడింది, నేను పాక్కుంటూ వెళ్లి బండి ముక్కుకి విసిరాను. మొదటిసారి అందలేదు. రెండోసారి మారెత్ రెండు చేతులా పట్టుకుని బండి మేకుకి చుట్టింది, ఆ ముడి ఎవరు నేర్పారో దానికి. నేనూ మామా లాగుతున్నాం. తెల్లోడు ముందు గిట్టలు ఐసు అంచుకి ఆనించి, ఒక్క ఊపున పైకి లేచాడు. ఒక్క రెప్పపాటు వాడి నాలుగు కాళ్లూ గాల్లోనే ఉన్నాయి. అంతకు మించిన ఎగరడం నేనైతే చూడలేదు.

ఒడ్డుకి వచ్చాక మామ తెల్లోడి ఒళ్లు గోనెతో తుడుస్తూ, పదమూడేళ్ల ముసలి వెధవ, నాకంటే నయం అన్నాడు. మళ్లీ పక్కకి తిరిగి ముక్కు చీదుకున్నాడు. పిల్ల కాలివేళ్లు రెండు తెల్లబడ్డాయి, చంకలో పెట్టుకుని కాచాను, సాయంత్రానికి రంగు తిరిగింది. ఇప్పుడు గెంతుతోంది. తెల్లోడు తింటున్నాడు. పొయ్యి మీద ఎముకలు మాడి బొగ్గయ్యాయి, మామ తెచ్చిన ఎండుచేపతో క్రిస్మస్ కానిచ్చాం.

నీకు ఉత్తరం రాయమని ఆ రోజు నుంచీ మారెత్ నా ప్రాణం తీస్తోంది. అందుకే రాస్తున్నాను. ఐసు మీద దానికి ఏం చెప్పానో అది నాకూ దానికీ మధ్య మాట, ఏదో ఆ సమయానికి పిల్లకి నచ్చేమాట చెప్పి దింపుకున్నాను అనుకో. ఇక కార్డులు పంపకు. పంపితే మామూలు అడవి బొమ్మో, కుక్కపిల్ల బొమ్మో పంపు. లేదా నువ్వే రా. ఐదేళ్లయింది, జరిగిందేదో జరిగిపోయింది. ఆ రోజు పొగమంచులో కొమ్మలు పాతానని నువ్వే అన్నావు, పొగమంచులో ఎవరికైనా పొరపాటు జరుగుతుంది. ఇప్పుడు నిన్ను ఊళ్లో ఎవరూ ఏమీ అనరు. అంటే నేను ఊరుకోను. నా మటుకు నేను నిన్ను ఎప్పుడో క్షమించేశాను. నాన్న ఉన్నా అదే చెప్పేవాడు. వేసవిలో దూడల చెవులకి గుర్తులు కోసేటప్పటికైనా వస్తే, నీ గుర్తు నీ చేత్తోనే వేసుకోవచ్చు.

చలిలో జాగ్రత్త. ఆ ఎర్రటోపీ కింద మన ఉన్ని టోపీ ఒకటి పెట్టుకో.

ఎప్పటికీ నీ మంచే కోరే
అక్క రిస్తెన్

తా.క.

ఊలా, పై ఉత్తరం మూడ్రోజుల కిందటిది. ఈవేళ ముప్పైఒకటి. రాసిన రోజే పోస్టులో వెయ్యడానికి మారెత్‌కి ఇచ్చాను. అది అక్కడే నించుని మొదటి నుంచి చివరిదాకా చదివి, తెచ్చి నా ముందు పెట్టి, ఇందులో అది లేదు అంది. ఏది అన్నాను, తెలియనట్టు. ఐసు మీద నువ్వు చెప్పింది లేదు, పైగా నాన్నని క్షమించానని రాశావు అంది. మూడ్రోజులుగా నాతో మాట్లాడలేదు. అన్నం పెడితే తింటోంది, అంతే.

ఐసు మీద దానికి చెప్పిన మాట ఇది. నువ్వు కొమ్మలు తప్పు పాతలేదు. వాటిని జరిపింది నేను.

నువ్వు పాతిన దారి గొంతుని తప్పించి, సరస్సులోని ద్వీపం చుట్టూ తిరిగి వెళ్తుంది, ఎప్పటిలాగే. ఆ వారం నా ఆడజింకలు అవతలి ఒడ్డున చెదిరిపోయి ఉన్నాయి, రోజుకి రెండుసార్లు అంత చుట్టూ తిరగలేక విసుగెత్తింది. మూడ్రోజులు గట్టి చలి పట్టింది. గొంతు దగ్గర గొడ్డలితో కొట్టి చూశాను, ఐసు నా బరువు మోసింది. నీ కొమ్మలు తొమ్మిది పీకి, గొంతు మీదుగా అడ్డంగా పాతాను. పని అవగానే తిరిగి పెట్టేద్దామనుకున్నాను. ఒకరు పాతిన కొమ్మ ఇంకొకరు ముట్టుకోకూడదని మన ఇద్దరికీ చెవి మెలేసి నేర్పింది నాన్నే. ఆ తర్వాత రెండ్రోజులకి గాలి మారి వెచ్చబడింది. నాకు గుర్తుంది, రేపు తీసేద్దాంలే అనుకున్నాను. నాన్న ఆ రేపు రాకముందే అవతలి ఒడ్డు కొట్టు నుంచి సామాను వేసుకుని బయల్దేరాడు. కొమ్మలు నువ్వు పాతావని ఆయనకి తెలుసు. అందుకే తెల్లోడు మొరాయించినా అదిలించి తోలి ఉంటాడు.

వెతికే గొడవలో కొమ్మలు కొన్ని విరిగాయి, మిగిలినవి నేను పీకేశాను. సాయంత్రం నువ్వు వంటింట్లో తలపట్టుకుని, పొగమంచులో పాతాను, దారి తప్పి గొంతు మీదకి పోయానేమో, నాకే తెలియడంలేదు అని అన్నావు. అందరూ నీవైపు చూస్తున్నారు. నేను పొయ్యి దగ్గర నించుని ఉన్నాను. ఒక్కమాట చాలు. నోరు తెరవలేదు. తెల్లారి నువ్వు మూట కట్టుకుంటుంటే దారిలో తినడానికి ఎండుమాంసం కట్టిచ్చాను. ఆ మూట నీ చేతికిస్తున్నప్పుడు కూడా నోరు తెరవలేదు.

నన్ను ఏం చేస్తావో నీ ఇష్టం. సమ్మోల్ మామకి నిన్న పొద్దున్నే వెళ్లి చెప్పాను, రెండుసార్లు అరిచి చెప్పాల్సి వచ్చింది, కాబట్టి ఊరందరికీ తెలిసే ఉంటుంది.

ఇది కూడా మారెత్ చదివింది. చదివి, బూట్లు వేసుకుని, కవరు పట్టుకుని తలుపు దగ్గర నించుంది. పోస్టు బండి రేపు కాదు ఎల్లుండి కూడా వస్తుంది కదే, ఒక్కసారి ఆగుదాం అన్నాను. నాన్న ఐదేళ్లు ఆగాడత్తా అంది.